వేలి కొసన చుక్క

ఇంకో గంటలో నేను హారన్‌ని క్షమించాలి. అందరి ముందూ, నిలబడి. పాస్టరు అయ్యగారు బుధవారం నాడే వరసంతా చెప్పేశారు. రెండో పాట అయ్యాక ఆయన సంఘాన్ని అడుగుతారు, ఈ సహోదరుణ్ణి మళ్ళీ ప్రభువు బల్లలో చేర్చుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. ఎవరికీ ఉండదు. అప్పుడు నేను ట్రేలోంచి మొదటి గ్లాసు తీసి నా చేత్తో హారన్ చేతికివ్వాలి, వాడు తాగాలి, అందరం ఆమెన్ అనాలి. చచ్చిపోయినవాడి అక్కని కాబట్టి నా చెయ్యి అయితే బాగుంటుందన్నారు. నా చెయ్యి. సింకు దగ్గర నిలబడి దాన్నే చూసుకుంటున్నాను సబ్బు నురగలో, పాతికేళ్ళు లాండ్రీలో నానీ నానీ చర్మం ముడతలు పడిపోయిన చెయ్యి. చూపుడు వేలు మిగతావాటికంటే కొంచెం వంకర. ఆ వేలితోనే మొదలైంది అంతా. ఆ సంగతి ఈ వేలికీ నాకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలీదనే అనుకుంటున్నాను.

ఎనభై నాలుగు గ్లాసులు. ప్రభువు కడపటి విందు గుర్తుగా బల్ల దగ్గర తాగేవి. గ్లాసులంటే గ్లాసులు కావు, దగ్గుమందు కొలిచే మూతంత ఉంటాయి, గుక్కెడు కూడా పట్టదు, నాలుక తడుస్తుంది అంతే. వాటిని వేడినీళ్ళలో కడిగి, బోర్లించి, పొడిగుడ్డతో లోపల తుడిచి ట్రే చిల్లుల్లో కూర్చోబెట్టడం పదిహేడేళ్ళుగా నా పని. ఎవరూ ఇవ్వలేదు, నేనే లాక్కున్నాను. అంతకుముందు చేసే పెద్దావిడ గ్లాసుల అంచున పెదాల గుర్తులు అలాగే వదిలేసేది, చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. మరకల దగ్గర నాకు ఓపిక లేదు. లాండ్రీలో కూడా మరక పడ్డ బట్ట ఏదొచ్చినా నా ముందుకే తోస్తారు. టీనా, రక్తమా, నూనెనా, తుప్పా, ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేస్తాను. మరకలక్క అని పేరు నాకక్కడ. కొత్తగా చేరిన అమ్మాయిలకి నేను చెప్పే మొదటి పాఠం ఒకటే, కంగారుపడి మరక మీద ఇస్త్రీ పెట్టకండి, వేడి తగిలిందా, ఆ బట్ట చిరిగేదాకా అది దాంతోనే ఉంటుంది. ఎంత పెద్దమనిషి తరహాలో చెబుతానో ఆ ముక్క. చెప్పి ఇంటికొచ్చి తలుపేసుకుంటాను.

కింద టైర్ల షాపు ఆదివారం మూసే ఉంటుంది కానీ రబ్బరు వాసనకి ఆదివారం లేదు. దాని పై అంతస్తే మా ప్రార్థన హాలు, అద్దెది. కొత్తగా వచ్చేవాళ్ళు రెండు వారాలు ముక్కు మూసుకుంటారు, మూడో వారం నుంచి వాళ్ళకి భక్తి అంటే టైర్ల వాసనే. తమ్ముడు అనేవాడు, అక్కా, పరలోకం తలుపు తియ్యగానే టైర్ల వాసన రాకపోతే నేను లోపలికి రాను, అడ్రస్ తప్పాననుకుని వెనక్కొచ్చేస్తాను అని. వాడి దగ్గర పెయింటు వాసన, నా దగ్గర బ్లీచింగు వాసన, హారన్ దగ్గర డీజిలు. ముగ్గురం ఒక వరసలో కూర్చుంటే ఆ వరసలో ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ వరసలో నేనొక్కదాన్నే. అయినా అలవాటు కొద్దీ ఎవరూ కూర్చోరు.

హారన్ స్కూలు బస్సు నడుపుతాడు. ఆ పేరు పెట్టింది మా తమ్ముడే. తమ్ముడు గోడలకి రంగులేసేవాడు, తాగనప్పుడు వాడంత మంచి పనివాడు లేడు, తాగితే మనిషి కాడు. వాడి పెళ్ళాం నాలుగేళ్ళ పిల్లని నా ఒళ్ళో పెట్టి, వదినా, ఈ మనిషితో నావల్ల కాదు, నన్ను తిట్టుకోకండి అని వెళ్ళిపోయింది. తిట్టుకోలేదు. పిల్లా నేనూ ఒక గదిలో, వాడు ముందు గదిలో చాప మీద, అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం నాకు కాలు బెణికితే దింపడానికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. లోపల పాట. ప్రార్థన అయ్యాక కిందికి దిగితే అడిగాడు, ఎవరక్కా వాడు, వెనకాల లారీ వచ్చినట్టు పాడుతున్నాడు, పక్కకి తప్పుకోబోయాను అని. పై వారం ఆ లారీని చూడ్డానికని వచ్చాడు. ఆ పై వారం కూడా. తాగడం ఎప్పుడు మానేశాడో నాకు చెప్పలేదు. గోడలకి చెప్పాడు. ఏ ఇంట్లో పని జరిగితే ఆ ఇంటి గోడ మూలన పెన్సిలుతో రోజుకొక గీత గీసుకునేవాడు, పని పూర్తయ్యే రోజు వాటి మీద రంగేసేసి వచ్చేవాడు. మూడేళ్ళ ఏడు నెలలు. ఎన్ని ఇళ్ళలో, రంగు కింద, మా తమ్ముడి గీతలు ఉన్నాయో. ఆ ఇళ్ళలో వాళ్ళు వాటికి వీపు ఆనించి టీ తాగుతూ ఉంటారు.

నీళ్ళు చల్లారిపోతున్నాయి. ఇంకో ఇరవై గ్లాసులు తుడవాలి. హాల్లో కుర్చీలు వేస్తున్న చప్పుడు, పిల్ల గొంతు కూడా వినిపిస్తోంది, పాటకి శ్రుతి చూసుకుంటోంది. పిల్ల అంటున్నాను కానీ దానికి పంతొమ్మిదేళ్ళు.

తప్పంతా ఒక్క మాట దగ్గర జరిగింది, అలా అనుకుంటే నాకు కొంచెం ఊపిరాడుతుంది. ద్రాక్షారసం. ఎప్పుడూ నేనే పళ్ళు తెచ్చి, ఉడకబెట్టి, వడకట్టి, చల్లార్చి సీసాలో పోసేదాన్ని. ఆ వారం జ్వరం పడింది. శనివారం మంచం మీద నుంచే హారన్‌కి ఫోన్ చేశాను, తమ్ముడూ, రేపటి బల్లకి ద్రాక్షారసం లేదు, ఒక సీసా పట్టుకొచ్చెయ్యి అని. జ్యూసు అని ఉంటే సరిపోయేది, ఏ కొట్లోనో బిస్కెట్ల పక్కనుండే సీసా పట్టుకొచ్చేవాడు. కానీ బల్ల మాట వస్తే నా నోటికి జ్యూసు అనే మాట రాదు, ఏదో అపచారం చేసినట్టుంటుంది, గ్రంథంలో ఉన్న మాటే రావాలి. మన భాషతో వచ్చిన చిక్కు అదే, పళ్ళు పిండితే వచ్చేదీ ద్రాక్షారసమే, పులిసి మత్తెక్కించేదీ ద్రాక్షారసమే. హారన్ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాడు. గ్రంథంలో వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకునే మనిషి, అందులో ద్రాక్షారసమంటే ఏదో వాడికి తెలుసు, బల్ల దగ్గర ఇన్నాళ్ళూ తాను తాగుతున్నదీ అదేననుకున్నాడు. రుచి తెలిస్తే కదా తేడా తెలియడానికి. తలకి తువ్వాలు చుట్టుకుని బతుకులో మొదటిసారి వైన్ షాపు మెట్లెక్కాడు. బాబూ, దేవుడికి, మంచిది ఇవ్వు అన్నాడట. షాపువాడు ఏమనుకున్నాడో. ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళలో నానబెట్టి సీసా మీది కాగితం కూడా ఒలిచేశాడు, బల్ల మీదికి వెళ్ళేదానికి కంపెనీ పేరెందుకని. అంత శుభ్రంగా తెచ్చి ఇచ్చాడు నాకు. మెచ్చుకున్నాను కూడా.

ఆదివారానికి జ్వరం తగ్గింది. కాళ్ళు తేలిపోతున్నా వచ్చాను, నేను రాకపోతే గ్లాసులు ఎవరు నింపుతారు, ఎలా నింపుతారు, అదొక బెంగ నాకు. పోస్తుంటే సీసా మూతి దగ్గర ఎప్పుడూ ఒక చుక్క వేలాడుతుంది. అది తెల్లగుడ్డ మీద పడితే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. అందుకని చూపుడు వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంటాను, ఎప్పటినుంచో ఉన్న అలవాటు, నలుగురి ముందూ చెయ్యను కానీ ఇక్కడ ఎవరు చూస్తారు. పెట్టుకున్నాను. చురుక్కుమంది. ముక్కులోకి ఎక్కింది. తాగే తమ్ముడితో ఒకే కప్పు కింద బతికినదాన్ని, వాడి చొక్కాలు ఉతికినదాన్ని, నాకు తెలీదా. తెలిసింది. అప్పటికి అరవై గ్లాసులు నిండాయి, ఇంకో ఇరవై ఉన్నాయి, అవతల రెండో పాట ఎత్తుకున్నారు. ఏం చెయ్యాలో కూడా తెలుసు. అన్నీ సింకులో ఒంపేసి మంచినీళ్ళు పోసి, అయ్యగారి చెవిలో ఒక్క ముక్క చెబితే చాలు, నీళ్ళతోనే బల్ల చేసుకునేవాళ్ళం, దేవుడేమీ అలిగేవాడు కాదు. కానీ ఆ రోజు వేరే సంఘాల పెద్దలు వచ్చి ఉన్నారు, ముందు వరసలో కోట్లేసుకుని. పద్నాలుగేళ్ళలో నా ట్రే ఒక్కసారి ఆలస్యం కాలేదు. ఆవిడ గ్లాసులు ఎంత మెరుస్తాయో చూడండి అని అయ్యగారు వాళ్ళకి చెప్పడం నా చెవులతో విన్నాను. ఒక్క చుక్కకి ఏమవుతుంది, ప్రార్థన చేశాక అది ఇంకా సారాగానే ఉంటుందా ఏంటి అనుకున్నాను. ఆ క్షణంలో తమ్ముడు గుర్తొచ్చాడా లేదా అని మూడేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. రాలేదని చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. వచ్చాడు. వాడి మొహం కళ్ళకి కట్టినట్టు కనబడింది. వాడిప్పుడు గట్టివాడేలే, ఏం కాదు అనుకుని మిగతా ఇరవై గ్లాసులూ నింపి, ట్రే మీద తెల్లగుడ్డ కప్పాను. గుడ్డ మీద ఒక్క మరక లేదు.

ట్రే వాడి వరసకి వెళ్ళేటప్పటికి నేను ఈ గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని తాగాడు, కళ్ళు తెరిచాడు, ఖాళీ గ్లాసులోకి చూశాడు. తర్వాత తల తిప్పి నా వైపు చూశాడు. కోపం కాదు అది. చిన్నప్పుడు ఎవరేమిచ్చినా నోట్లో పెట్టుకునేముందు నా వైపు చూసేవాడు, అక్కా, తినొచ్చా అన్నట్టు. ఆ చూపు. నేను తల వంచేసుకున్నాను. తల ఊపాననుకుని ఉంటాడు. తినొచ్చు తమ్ముడూ అని నేను తల ఊపాననుకుని ఉంటాడు. ఇది మాత్రం నేను ఎన్నిసార్లు తలుచుకున్నా నా వల్ల కాదు, నా వల్ల కాదు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. సాయంత్రం వచ్చాడు, ఎలా వచ్చాడో చెప్పక్కర్లేదు. పిల్ల తలుపు తీసి, చూసి, ముందు గదిలో చాప పరిచింది, మూడున్నరేళ్ళుగా చుట్టి పెట్టిన చాప. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఏ గోడ మీదా గీత లేదు. ఒక రోజు పొద్దున్న పదకొండింటికి మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడిపోయాడు. నేను వెళ్ళేసరికి ఒలికిన తెల్లరంగు మీద ఎవరో ఇసక పోస్తున్నారు. ఆస్పత్రివాళ్ళు చొక్కా కవర్లో పెట్టి ఇచ్చారు. మరకలక్క ఉతకని చొక్కా లోకంలో అదొక్కటే ఉంది, నా బీరువా అడుగున.

విచారణ మాత్రం వాడు పోకముందే, బల్ల అయిన పై ఆదివారమే జరిగిపోయింది. అయ్యగారు ఎప్పుడూ అందరికంటే ఆఖర్న తాగుతారు, తాగగానే ఆయన మొహం మారిపోయింది కానీ అప్పటికే గ్లాసులన్నీ ఖాళీ. పై వారం అడిగారు. హారన్ లేచి, తెచ్చింది నేనే అయ్యగారూ, నాకు తెలీక చేశాను, నాదే తప్పు అన్నాడు. అయ్యగారు నా వైపు తిరిగి, "అమ్మా, పోసేటప్పుడు నీకు తెలీలేదా" అన్నారు. "జ్వరం కదా అయ్యగారూ, ముక్కు పని చెయ్యలేదు" అన్నాను. ఎంత బాగా వచ్చిందో ఆ మాట, తడుముకోకుండా. హారన్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. సిగ్గనుకున్నాను. పెద్దలు వాణ్ణి కొన్నాళ్ళు బల్లకి దూరంగా ఉండమన్నారు. తమ్ముడు పోయాక ఆ కొన్నాళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు, ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు. సమాధి దగ్గర పిల్ల రెండు గుప్పిళ్ళతో వాడి గుండెల మీద కొట్టింది, నువ్వే బాబాయ్, నువ్వే అని. వాడు చేతులు వేలాడేసుకుని నిలబడి కొట్టించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. దాని చెయ్యి పట్టుకుని ఆపింది కూడా నేను కాదు, ఎవరో.

అప్పటినుంచి వాడు వస్తాడు, ఆఖరి వరసలో కూర్చుంటాడు, ట్రే వస్తే పక్కవాళ్ళకి అందిస్తాడు. పాడడు. హారన్ మోగదు.

పిల్ల ఏడాదిపాటు ఈ మెట్లెక్కలేదు. ఆ బల్లే మా నాన్నని మింగేసింది, నన్ను రమ్మనకు అత్తా అనేది. నేను బతిమాలలేదు. ప్రతి ఆదివారం లేచి, తల దువ్వుకుని, గ్లాసులు కడగడానికి వచ్చేదాన్ని. రాకుండా ఉండలేకపోయాను అంతే, ఇందులో భక్తి ఎంతో నాకే తెలీదు. దాన్ని చూసి అది తిరిగొచ్చింది. మొన్న బాప్తిస్మం రోజు సాక్ష్యంలో చెప్పింది, సొంత తమ్ముడు పోయినా మా అత్త ఆ గ్లాసులు వదల్లేదు, ఆ చేతుల్ని చూసి నేను మళ్ళీ నమ్మాను అని. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అందరూ అనుకున్న కారణానికి కాదు. ఆ వారమే అయ్యగారి దగ్గరికి వెళ్ళి, హారన్ బాబాయ్‌ని నేను క్షమించేశాను, బల్లలో చేర్చుకోండి అని అడిగింది. ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, "అత్తా, నాకు బరువు దిగిపోయింది, నువ్వు కూడా దించేసుకో" అంది. చెయ్యని తప్పుకి వాణ్ణి ఎంత కష్టపడి క్షమించిందో. మూడేళ్ళు పట్టింది దానికి. ఆ మూడేళ్ళూ ఒకే కంచంలో తిన్నట్టు దాంతో ఉన్నాను నేను.

పిల్ల చిన్నప్పుడు ఆదివారం బడిలో నా దగ్గరే చదువుకుంది. అభ్యంతరం అంటే ఏంటి అత్తా అని అడిగింది ఒకసారి. బయట దానర్థం వేరు, ఒప్పుకోకపోవడం, మన వాక్యంలో అర్థం వేరు, నడిచేవాడి కాలికి అడ్డం పడి వాణ్ణి పడేసే రాయి, చిన్నవాళ్ళ దారిలో అలాంటి రాయిగా ఉండేకంటే మెడకి తిరగలిరాయి కట్టుకుని సముద్రంలో పడటం మేలు అని చెప్పాను. అది కాసేపు ఆలోచించి, అయితే పెళ్ళిలో ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అయ్యగారు అడుగుతారే, ఎవరి దగ్గరైనా రాయి ఉందా అనా అంది. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. ఇంటికి వెళ్ళేదాకా జేబులు తడుముకుంటూ, నా దగ్గర లేదు, నా దగ్గర లేదు అని ఆట.

మూడేళ్ళుగా నేను దాక్కున్నది ఆ మాట వెనకే. చెబితే పిల్ల పడిపోతుంది, దాని విశ్వాసం నా చేతుల మీద నిలబడింది, ఈ చేతులు తీసేస్తే అది ఎక్కడ నిలబడుతుంది, కాబట్టి నోరు మెదపకపోవడమే ప్రేమ అని. ఎంత చక్కగా ఉందో వినడానికి. పిల్లని కాపాడుతున్నానా, దాని కళ్ళలో నా బొమ్మని కాపాడుకుంటున్నానా అని అడిగితే మాత్రం సబ్బు అందుకుంటాను. మరి హారన్ చిన్నవాడు కాదా. యాభై దగ్గరపడుతున్నా గ్రంథంలో వేలు పెట్టి చదువుకునే మనిషి, వాడు పడిపోతే పడిపోనీ అనుకున్నాను కదా. పడిపోయాడు కూడా, పాడటం లేదంటే అదే కదా. ఇప్పుడు ఇంకాసేపట్లో వాడికి గ్లాసిచ్చి, నిన్ను క్షమించాను అని ఏ నోటితో అంటాను. అనకపోతే ఏమవుతుంది. అంటే ఏమవుతుంది. ట్రే నిండింది. సీసా మూతి దగ్గర చుక్క. ఇప్పుడు దాన్ని గుడ్డతో తుడుస్తాను, ఆ రోజు నుంచి ఈ వేలు నోటి దగ్గరికి వెళ్ళలేదు.

"అక్కా."

గుమ్మంలో హారన్. ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకున్నాడు. ఈ మూడేళ్ళలో చెవుల పక్కన పూర్తిగా తెల్లబడిపోయాడు. లోపలికి రాలేదు, చొక్కా గుండీ తిప్పుకుంటూ గడప అవతలే నిలబడ్డాడు.

"ఇవాళ మీరు నాకు గ్లాసు ఇస్తారంటగా. ఇవ్వండి. ఇంకేమీ చెప్పొద్దు."

ఏం చెబుతాను, ఏముంది చెప్పడానికి అనబోయాను. వాడి చూపు నా వేలి మీదుంది.

"ఆ రోజు ట్రే తీసుకెళ్దామని వచ్చాను. ఇక్కడే ఉన్నాను అక్కా, ఈ గుమ్మంలోనే. మీరు వేలు నోట్లో పెట్టుకోవడం చూశాను. మీ మొహం చూశాను. నాకర్థం కాలేదప్పుడు. విచారణలో జ్వరమన్నారే, అప్పుడు అర్థమైంది."

సింకు అంచు పట్టుకున్నాను. ఎప్పుడో ఎక్కడో విన్నట్టు నా గొంతే నాకు వినబడింది, మరి ఎందుకు చెప్పలేదు అని.

"పిల్ల మీ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళ నాన్న మళ్ళీ మొదలెట్టేశాడు. దానికి మిగిలింది మీరొక్కరే. మీరు కూడా పోతే అది దేన్ని పట్టుకుంటుందీ అని." గుండీ ఊడొచ్చింది చేతిలోకి, దాన్ని చూసి జేబులో వేసుకున్నాడు. "కోపం రాలేదని కాదు. వచ్చింది. ఒక ఏడాది బాగా వచ్చింది. పిల్లల్ని దింపేశాక ఖాళీ బస్సులో గట్టిగా మిమ్మల్ని తిట్టేవాణ్ణి. ఎన్ని తిట్లు తెలుసో నాకే తెలీదు అప్పటిదాకా. తర్వాత అయిపోయాయి. ఎప్పుడు అయిపోయాయో గుర్తు లేదు."

"నన్ను క్షమించావా" అన్నాను. అడగడానికి కూడా సిగ్గేసింది.

"అదే చెబుతున్నా కదక్కా. మీ సంగతి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పిల్ల సంగతి. మొన్ననే బాప్తిస్మం నీళ్ళలోంచి లేచింది. ఈ గ్లాసు నా చేతికిస్తే అందరికీ అయిపోతుంది." అని, వెళ్ళబోతూ ఆగి, ట్రే వైపు చూసి, "బాగా మెరుస్తున్నాయి" అన్నాడు. గడప ఇవతలికి అడుగు పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

నేను దాక్కోవడానికి వాడుకున్న మాటనే వాడు మోశాడు. ఇద్దరం ఒకే పిల్ల కోసం అనే అన్నాం. కానీ మోసినవాడి వెంట్రుకలు తెల్లబడ్డాయి, నా గ్లాసులు మెరుస్తున్నాయి. ఇప్పుడు కూడా వాడే మోస్తానంటున్నాడు, నాకు సుఖంగా ఉండేలా. వీడి మంచితనంలో కూడా నేను దాక్కుంటే ఇక నాకు బయటికి దారే లేదు. పిల్ల నా చేతుల్ని నమ్మింది. నమ్మాల్సింది వాటిని కాదు కదా. ఆ ముక్క దానికి చెప్పాల్సింది నేనే కదా, ఆదివారం బడిలో మిగతావన్నీ నేనే చెప్పినప్పుడు.

రెండో పాట అయిపోయింది. ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చాను, బల్ల మీద పెట్టాను, పక్కన నిలబడ్డాను. చేతులకి అలవాటే. పదిహేడేళ్ళ పని, వాటంతటవే చేసుకుపోతాయి. పిల్ల పాడేవాళ్ళ వరసలో నిలబడి నన్ను చూసి చిన్నగా నవ్వింది, భయపడకు అత్తా అన్నట్టు. వాళ్ళ నాన్న కళ్ళే దానికి. ఆఖరి వరసలో హారన్ తల వంచుకుని ఉన్నాడు. అయ్యగారు నాలుగు మాటలు మాట్లాడారు, క్షమాపణ గురించి, నా గురించి కూడా ఏదో మంచి మాట. తర్వాత అడిగారు.

"ఈ సహోదరుణ్ణి బల్లలో చేర్చుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఫ్యాన్ల చప్పుడు.

"ఉంది" అన్నాను.

తలలన్నీ తిరిగాయి. ఆఖరి వరసలో హారన్ వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపుతున్నాడు. అయ్యగారు నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "అమ్మా, కష్టమే, నాకు తెలుసు. నీ మనసు సిద్ధంగా లేకపోతే ఇంకో నెల ఆగుదాం, వాడు ఆగుతాడు" అన్నారు.

"ఆ అభ్యంతరం కాదు అయ్యగారూ. రెండోది. నేను పిల్లలకి చెప్పేది. దారిలో ఉండే రాయి."

ఆయనకి అర్థం కాలేదు. పిల్లకి అర్థమైంది. దాని చేతిలో పాటల పుస్తకం మూసుకోవడం చూశాను. చూస్తూనే చెప్పాను. ఆ రోజు నేను రుచి చూశానని, జ్వరం అబద్ధమని, తెలిసే నింపానని. తమ్ముడు ఆ వరసలో ఉన్నాడని కూడా తెలిసే నింపానని. వాడు నా వైపు చూస్తే తల వంచుకున్నానని. హారన్ నన్ను చూశాడని, ఇన్నాళ్ళూ నన్ను దాచాడని. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు, మాటలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎవరో చిన్నపిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళారు. మిగతా ఎవరూ కదల్లేదు.

పిల్ల వరసలోంచి దిగింది. నా దగ్గరికే వస్తోందనుకున్నాను, చెయ్యి కొంచెం చాపాను కూడా. నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. కుర్చీల మధ్యలోంచి ఆఖరి వరస దాకా నడిచి, లేవబోతున్న హారన్ ముందు నిలబడింది. సమాధి దగ్గర గుప్పిళ్ళతో కొట్టిన చోట, గుండీ ఊడిపోయిన చోట, అరచెయ్యి పెట్టింది. బాబాయ్ అంది. వాడి పక్క కుర్చీలో కూర్చుని వాడి భుజానికి నుదురు ఆనించి ఏడ్చింది, వాళ్ళ నాన్న పోయిన రోజు ఏడ్చినట్టు, గొంతు చిరిగేలా. హారన్ దాని తల మీద చెయ్యి వేసి నా వైపు చూసి, ఎంత పని చేశారక్కా అన్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

నాకోసం ఎవరూ లేవలేదు. లేవాలని కూడా లేదు నాకు. మొదటి గ్లాసు తీసుకుని నడుచుకుంటూ వెళ్ళాను, ఆ వరస దాకా, అది ఎంత దూరమో నడిచినదానికే తెలుసు. హారన్‌కి ఇచ్చాను. "నువ్వు క్షమించిన చెయ్యి ఇది, ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు" అన్నాను. వాడు తీసుకున్నాడు. గ్లాసు చేతులు మారేటప్పుడు ఒక చుక్క తొణికి నా చూపుడు వేలి కొసన పడింది. తుడుచుకోలేదు.

అప్పుడు పిల్ల తలెత్తింది. తడిసిన మొహంతో, ఎర్రటి కళ్ళతో, గ్లాసు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. వాళ్ళ నాన్న చూపే. ఇన్నాళ్ళూ నువ్వు పెట్టిందంతా తినొచ్చా అత్తా, అన్నట్టు.

నేను తల వంచుకోలేదు. చూడనిచ్చాను.